మూడు బోల్టుల తొట్టి

నా పికప్పు నాకన్నా పదేళ్ళు పెద్దది. నాన్న వేలంలో కొన్న పాత జీపు బండి. గోతుల్లో, గుట్టల్లో బళ్ళు నడిపే మా క్లబ్బువాళ్ళు పురూలియా కొండల పోటీకి ఇంకొక్క బండినే తీసుకుంటామన్నారు. ఆదివారం కసాయి నది ఒడ్డున పరీక్ష. ఆ ఒక్క చోటూ నాకే కావాలి. మూడేళ్ళుగా దాని కోసమే చూస్తున్నాను.

వెనక తొట్టి తుప్పు పట్టి చిల్లులు పడింది. దాన్ని కొత్తగా కట్టే పని మా పేట ఝపటాపూర్‌లో మా పక్కింటి నూకయ్య మావకి అప్పజెప్పాను. ముప్పై నాలుగేళ్ళు రైల్వే వర్క్‌షాపులో గూడ్సు వేగన్లు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన చేతిలో పడితే ముక్కాలిపీట కూడా వేగన్‌లా తయారవుతుంది. మందపాటి రేకు వేసి, బండి అడుగు చట్రమైన ఛాసిస్‌కి ఎనిమిది బోల్టులతో బిగించి, ఇక ఇది ఏనుగెక్కినా కదలదని మీసం దువ్వాడు. నిజంగానే కదల్లేదు. అదే కొంప ముంచింది.

గురువారం తాల్‌బగీచా అవతల ఎండిన కాలవలో బండి దింపాను. ముందు చక్రం గోతిలో పడగానే వెనక చక్రం గాల్లోకి లేచి ఊరికే తిరిగింది. ఫట్‌మని తొట్టి మూల చీలింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి, వీధిలో నిలబడి ఆయన్ని నానా మాటలూ అన్నాను. నాకున్న ఒక్క అవకాశాన్నీ నీ వేగన్ బుద్ధితో పాడుచేశావని కూడా అనేశాను. తర్వాత సిగ్గేసింది గానీ కోపం మాత్రం దిగలేదు.

తెల్లారి చూస్తే ఆయన నా బండి కింద పడుకుని ఉన్నాడు. బయటికొచ్చి తనమీద తనే నవ్వుకున్నాడు.

"పట్టాల మీద బతికినోణ్ణి గుంటా. నేల వంకరగా ఉంటాదని మర్సిపోనాను. గోతిలో దిగితే ఛాసిస్ మెలితిరగాల. నానేటి సేసినాను? తొట్టితో దాన్ని కట్టీసినాను."

మరి నీ వేగన్లు మలుపులెలా తిరిగేవని వెటకారంగా అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది. వేగన్ పెట్టెని కింద చక్రాలుండే చట్రానికి, అదే బోగీకి, ఎవరూ బిగించరట. ఒక్కో బోగీ మధ్యలో పివట్ అనే తిరుగుడు కీలు మీద కూర్చుంటుందట, కింద బోగీ ఎటు తిరిగినా పైన పెట్టెకి పట్టదట. చెబుతూనే పానా అందుకున్నాడు.

ఎనిమిది బోల్టులూ ఊడదీశాం. ముందు మూలల్లో రబ్బరు దిమ్మలేసి రెండు, వెనక నట్టనడుమ అటూ ఇటూ ఊగే పివట్‌కి ఒకటి. మొత్తం మూడే. చీలిన మూలకి వెల్డింగు. రెండు రోజులూ నిలబడే అన్నం తిన్నాం. సంబరంతో నాకు ఆకలే తెలియలేదు.

ఆదివారం చివరి గోతిలో నాకన్నా ముందు వెళ్ళిన బండి చక్రం గాల్లో ఆడిస్తూ ఆగిపోయింది. మెల్లిగా క్లచ్ వదిలాను. క్యాబిన్ ఎడమకి ఒరిగింది. అద్దంలో చూస్తే తొట్టి కుడికి ఒరిగి ఉంది. అయ్యో, విరిగిందే అనుకున్నాను. బండి మాత్రం బురద కరుచుకుని ఎక్కేసింది.

నూకయ్య మావ ఇసకలో బోర్లా పడుకుని చక్రాలే చూస్తున్నాడు. లేచి పరుగున వచ్చాడు.

"నాలుగూ నేల మీదే ఉన్నాయి. ఒక్కటీ లెగలేదు."

మా క్లబ్బు పెద్ద, అందరూ దాదా అని పిలిచే ఆయన, నా పేరు ఏంజలిన్ అని జాబితాలో రాసుకున్నాడు. కొండల్లో బండి చెడితే బాగుచెయ్యడానికి పక్క సీట్లో ఎవరొస్తారని అడిగాడు. నేను మావ వైపు చూశాను.

"మళ్ళీ తిడతావేటి?" అన్నాడాయన.

"తిడతాను మావా. పక్కన కూకుని పడాల," అన్నాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

ఆయన తలుపు తీసి పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. పోటీకి ఇంకా నెల ఉందని చెప్పినా దిగలేదు.