ఎడమచేతి రఫ్ఫు

పాల్మీర్ దగ్గర నుంచి కబురు లేక మూడు వారాలైంది. ఒపేరాలో ముందు వరసన నాట్యమాడే మనిషి వారానికి నాలుగైదు జతల జోళ్ళు అరగదీస్తుంది. కబురు రాలేదంటే కాలైనా విరిగి ఉండాలి, జోళ్ళైనా ఇంకెక్కడో కుట్టిస్తూ ఉండాలి. కాలు విరిగి ఉంటే ఈపాటికి పారిస్ అంతా చెప్పుకునేది.

జోళ్ళు కుట్టే ఒనెజిమ్ కొట్టుకి ఉన్న పేరంతా పాల్మీర్ కాలివేళ్ళ మీదే నిలిచింది. ఆడవాళ్ళు నేల జీరాడే బట్టలతో నాట్యమాడినన్నాళ్ళు జోళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు. తెల్లటి పల్చని మస్లిన్ పొరలు పొరలుగా వేసి, గంటలా ఉబ్బించి, పిక్కల మీదికి ఎత్తి కట్టడం మొదలయ్యాక జనం చూపు పాదాల మీద పడింది. ఇది మనిషి కాదు, గాలిదెయ్యం అని వాళ్ళను నమ్మించాలంటే వేళ్ళ కొసల మీద లేవాలి. ఆ శాటిన్ జోడులో ఏముంది గనక? చిన్న తోలుముక్క, రెండు పొరల గుడ్డ. మనిషిని నిలబెట్టేది మొన దగ్గర దారంతో దట్టంగా వేసే రఫ్ఫు. ఒపేరాలో మిగతా పిల్లలు ఎవరి రఫ్ఫు వాళ్ళే పైన ముద్దముద్దగా వేసుకునేవారు. పాల్మీర్ జోళ్ళకు ఒనెజిమ్ భార్య లియోకాడి వేసేది. గుడ్డకీ అస్తరుకీ మధ్య, పైకి ఒక్క పోగు కనబడకుండా.

ఇది ఒనెజిమ్ చేతి మహిమ అని పత్రికల వాళ్ళు రాశారు. ఆయన కాదనలేదు. కొట్టు ఆయనది. లియోకాడి తెర వెనక గదిలో కూర్చుని కుట్టేది. ఆ కుట్టు ఎవరికీ చూపించనని సిలువ మీద ఒట్టు వెయ్యమన్నాడు. వేసింది.

పోయిన ఏడు ఈస్టరు ముందు తపస్సు కాలంలో దగ్గి దగ్గి పోయింది. దానికి నెల ముందు మంచం మీద కూర్చుని ఆయనకు కుట్టు నేర్పింది. పుట్టు ఎడమచేతి వాటం మనిషి. మొగుడి కోసం సూది కుడిచేతికి మార్చుకుని, నెమ్మదిగా, వేలు వేలూ చూపించింది. "నీకిది చాలు" అంది. ఆ నెల తలుచుకునే ఆయన ఏడాది నెట్టుకొచ్చాడు.

నాలుగో వారం ఒపేరాకి బయల్దేరాడు. దారిలో పెద్ద వీధిలో, తనలాగే జోళ్ళు అమ్మే గలూషే కొట్టు. అద్దం వెనక నీలం మఖమల్ మీద ఒక్క జోడు పెట్టారు. దాని పక్క కోసి, లోపలి రఫ్ఫు కనబడేలా తెరిచి ఉంచారు. ఒనెజిమ్ అద్దానికి ముక్కు ఆనేదాకా వంగి చూశాడు. అదే కుట్టు.

పాల్మీర్ తన గదిలో నిలబడి నడుముకి తాళ్ళు బిగించుకుంటోంది. పదేళ్ళ పిల్లప్పటి నుంచి ఆయన ఆమె కాలికి కొలత తీస్తున్నాడు.

"లియోకాడి కుట్టిన జోడు ఆ గలూషేకిచ్చి విప్పించావా అమ్మాయీ?"

"విప్పితే వచ్చేదైతే నువ్వే విప్పి నేర్చుకునేవాడివి బాబాయ్. నీ జోళ్ళు రెండో అంకానికి మెత్తబడుతున్నాయి. నేను దెయ్యాన్ని. దెయ్యం కుంటకూడదు కదా." కాలితో ఒక పాత జోడు ఆయన వైపు తోసింది. "ఇది గలూషేది. చూసుకో."

ఒనెజిమ్ కత్తి తీసి అస్తరు కోశాడు. ముడులన్నీ ఎడమవైపుకి వాలి, బిగిసి ఉన్నాయి. పదిహేడేళ్ళు చూసిన వాలు అది. ఏడాదిగా ఎంత ప్రయత్నించినా తన చేతికి రానిది. విప్పి కాపీ కొట్టినవాడి పని కాదు. పక్కన కూర్చోబెట్టుకుని ఎవరో నేర్పారు.

అక్కడి నుంచి తిన్నగా గలూషే కొట్టు మేడ మీదికి ఎక్కాడు. కిటికీల వెంట అయిదుగురు ఆడవాళ్ళు కూర్చుని రఫ్ఫు వేస్తున్నారు. అయిదుగురి సూదీ ఎడమచేతిలోనే ఉంది. ఒకామె సూది దించి, కుడిచేత్తో రొట్టె తుంచి నోట్లో వేసుకుని, మళ్ళీ సూది ఎడమచేత్తో అందుకుంది.

వాళ్ళలో పెద్దది ఉర్సూల్. ఆయన్ని గుర్తుపట్టి లేచింది. ఎవరు నేర్పారని అడిగాడు.

"అక్క. మీ ఇంటావిడే. గురువారం గురువారం వచ్చేది. మీరే పంపారనుకున్నాం."

గురువారాలు లియోకాడి జపమాలకని గుడికి వెళ్ళేది. రెండేళ్ళు వెళ్ళింది. వాన పడితే ఆయనే గొడుగు తీసి చేతికిచ్చేవాడు.

ఎడమచేత్తోనే ఎందుకని అడిగాడు. ఉర్సూల్ పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కుడిచేత్తో కుడితే దారం పురి విడిపోతుంది. బరువు పడేకొద్దీ సడలుతుంది. ఎడమచేత్తో కుడితే బరువు పడేకొద్దీ బిగుస్తుంది. కుడిచేత సూది పడితే అక్క మెటికల మీద కొట్టేది. తనకు చెయ్యి తిరగడానికి ఏడు నెలలు పట్టింది.

అంటే ఆవిడకి తెలుసు. తెలిసే, మంచం మీద కూర్చుని, ఆయన చేతికి సడలిపోయే కుట్టు నేర్పింది.

గలూషే ఆవిడకి ఏమిచ్చాడని అడిగాడు. ఏమీ ఇవ్వలేదంది ఉర్సూల్. వెలుతురు పడే చోట కుర్చీ వేసేవాళ్ళట. ఆవిడ కుట్టింది ఒకరి తర్వాత ఒకరు అందుకుని చూసేవాళ్ళట.

"నా మాట ఎప్పుడైనా ఎత్తిందా?"

ఉర్సూల్ మిగతావాళ్ళ వైపు చూసింది. "ఒకసారి నేనే అడిగాను, మీ ఆయనకీ నేర్పావా అక్కా అని. 'ఆయనకి నేర్పడమేంటే, ఆయనకి వచ్చని పత్రికలో వేశారుగా' అంది."

ఆ రోజు అందరూ నవ్వి ఉంటారు. ఇప్పుడూ ఒకామె తల దించుకుని పెదవి కొరుక్కుంది.

ఉర్సూల్ కుర్చీ లాగింది. "కూర్చోండి. మీ చేతికి పని కొత్త కాదు, నెలలో వస్తుంది. పాల్మీర్ మీ దగ్గరికే వస్తుంది, ఆ పిల్లకి మీరంటే ఇష్టం."

ఒనెజిమ్ కుర్చీ కేసి చూశాడు. కూర్చుంటే కొట్టు నిలుస్తుంది. ఆవిడ మెటికల మీద కొట్టినట్టే ఉంటుంది కూడా. టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పాల్మీర్ పాదాల చెక్క అచ్చులు గోనెలో వేసి గలూషే గుమ్మంలో పెట్టి వచ్చాడు. శాటిన్ మిగిలింది మిగిలినట్టు అమ్మేశాడు. బండివాళ్ళ బూట్లకు అట్టలు వెయ్యడం మొదలుపెట్టాడు. బండివాడికి రెండో అంకం లేదు.

నవంబరులో సమాధుల పండుగ వచ్చింది. వీధిలో కొట్లన్నీ మూసి అందరూ పూలచక్రాలు పట్టుకుని మోన్‌మార్త్ర్ శ్మశానం వైపు నడిచారు. ఒనెజిమ్ తలుపులు తెరిచే ఉన్నాయి. పక్కకొట్టు టోపీలావిడ ఆగి లోపలికి తొంగి చూసింది. రాకపోతే పోనీ, లియోకాడికి తన చేత్తో ఒక చక్రం పెట్టి రమ్మంటారా అని అడిగింది.

"ఆవిడకి పెట్టేవాళ్ళు అయిదుగురున్నారు" అన్నాడు ఒనెజిమ్. బూటు తిరగేసి మోకాళ్ళ మధ్య బిగించి, తోలు పొడిచే ఆరె అందుకున్నాడు.