పద్దెనిమిది రోజుల రొద

నేను ఒక డిఫరెన్షియల్‌ని. ఈ పేరు చదవగానే మీలో సగం మంది పేజీ తిప్పేయాలనుకుంటారని నాకు తెలుసు. ఇంజన్ అని ఉంటే తిప్పేవారు కాదు. నా బాధంతా అదే.

బండి వెనక వంగి చూడండి. రెండు చక్రాల నడుమ బురద కొట్టుకుని గుమ్మడికాయంత ఇనుప బుర్ర ఒకటి కనిపిస్తుంది. అది నేను. ఇంజన్ తిప్పే తిప్పుడు పొడవాటి ఇరుసు వెంట నా దాకా వస్తుంది, దాన్ని నేను రెండు చక్రాలకూ పంచుతాను. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగాలి కదా, ఆ తేడా సర్దేది కూడా నేనే. మాది నాలుగు చక్రాలూ లాగే బండి. కాబట్టి ముందు చక్రాల మధ్య నా తమ్ముడొకడు ఉన్నాడు, బండి నడుమ మా ఇద్దరికీ బలం పంచే గేరు పెట్టె ఉంది. మా ముగ్గురికీ తిండి ఒక్కటే, గేరాయిల్. చిక్కగా ఉంటుంది. మురిగిన వెల్లుల్లి వాసన వేస్తుంది. మాకు మాత్రం అది అమృతమే.

నన్ను పోత పోసిన చోటే ఇంజన్‌నీ పోత పోశారు. ఒకే వారంలో పుట్టాం, ఒకే బండిలో బిగించారు. దానికి ముందు చోటు, పైన మెరిసే మూత. నాకు కింద చోటు, పైన నేల దుమ్ము. అప్పుడే మొదలైంది నా కుళ్లు.

మా మొదటి యజమాని విశాఖపట్నంలో ఓడ సరుకుల వ్యాపారం చేసే బొడ్డేపల్లి చలపతిరావుగారు. ఆదివారం ఎవరైనా ఇంటికొస్తే చాలు, కాఫీ తాగడం అవ్వకుండానే బయటకు తీసుకొచ్చి, బానెట్ ఎత్తి ఇంజన్ చూపించేవారు. వచ్చినవాళ్లు "అబ్బో" అనేవారు. ఆ "అబ్బో" కింద ఉన్న నాకు స్పష్టంగా వినిపించేది. ఇంజన్‌కి ఆరు నెలలకోసారి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టరు. నాకు తొమ్మిదేళ్లలో ఒక్క చుక్క మార్చలేదు. ఒకసారి సర్వీసు చేసే మనిషి కింద దూరి నా వైపు చూశాడు. ఆశపడ్డాను. "దీనికి జీవితాంతం అక్కర్లేదు సార్" అని లేచిపోయాడు. ఎవరి జీవితాంతమో చెప్పలేదు. చలపతిరావుగారు ఆ తొమ్మిదేళ్లూ బీచి రోడ్డు దాటి మట్టి తొక్కనే లేదు కాబట్టి నేనూ ఎలాగో నెట్టుకొచ్చాను.

తర్వాత ఆయన ఇంకా పెద్ద బండి కొనుక్కుని మమ్మల్ని పాడేరు దంపతులకు అమ్మేశారు.

కిముడు వరహాలరావు ఇరవై ఏళ్లు ఘాట్ రోడ్డు మీద సర్వీసు జీపు తోలినవాడు. ఒకసారి జాకీ జారి జీపు అతని కుడి మోకాలి మీద పడింది. కాలు మిగిలింది గానీ బ్రేకు తొక్కే బలం మిగల్లేదు. ఇంటి దగ్గర ఏడాది కూర్చున్నాక భార్య చిలకమ్మకు తనే డ్రైవింగు నేర్పాడు. ఆమె ఎనిమిది నెలల్లో నేర్చుకుంది. ఇద్దరూ కలిసి మా బండి కొన్నారు. వాగులు దాటి, రోడ్డు లేని గూడేలకు టీకాల పెట్టెలు మోసే పని ఆసుపత్రి నుంచి దొరికింది. స్టీరింగు ముందు చిలకమ్మ, పక్క సీటులో కాలు చాపుకుని వరహాలరావు, వెనక ఐసు పెట్టెతో నర్సు గంగాభవాని. వారానికి నాలుగు రోజులు ఇదే ప్రయాణం.

అప్పుడు గానీ నా బతుకు నాకు దక్కలేదు. ముందు చక్రాలు బురదలో తిరుగుతూ ఉండిపోతే వెనక నుంచి నెట్టింది నేను. మోకాలి లోతు వాగుల్లో రాళ్లు పట్టుకుని బండిని గట్టెక్కించింది నేను. గట్టెక్కగానే గంగాభవాని ఏమనేదో తెలుసా? "ఇంజన్ గట్టిది చిలకమ్మా!" ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఓ విలేకరి వచ్చాడు. ఘాట్ రోడ్డు మీద బండి తోలే ఆడకూతురని చిలకమ్మను ఫొటో తీయాలన్నాడు. బానెట్‌కి ఆనుకుని నిలబడమన్నాడు. పక్కనే నిలబడ్డ వరహాలరావుతో, "అన్నా, కొంచెం పక్కకి" అన్నాడు. వరహాలరావు కుంటుకుంటూ బండి వెనక్కి వచ్చి నిలబడ్డాడు, సరిగ్గా నా దగ్గరికి. పేపర్లో ఫొటో పడింది. చిలకమ్మా ఉంది, ఇంజనూ ఉంది.

పాడేరు వచ్చిన రెండో ఏటి వానాకాలంలో నాకు జబ్బు చేసింది. వేడెక్కిన నాకు ఊపిరాడటానికి పైన చిన్న గాలి గొట్టం ఉంటుంది. అది మట్టితో పూడిపోయింది. కాగిన ఒంటితో చల్లటి వాగులో దిగినప్పుడల్లా, ఊపిరి లాగే దారి లేక ఇరుసు పక్కన ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకునేదాన్ని. నీళ్లు కలిసి, పదకొండేళ్ల పాత ఆయిల్ పలచని పాలకాఫీలా అయింది. నా గేర్ల పళ్లు పళ్లకు నేరుగా రాసుకున్నాయి. బండి వేగం నలభై దాటగానే నాలోంచి సన్నగా రొద బయల్దేరింది.

నిజం చెప్పాలంటే మొదట సంతోషించాను. ఇప్పుడైనా నన్ను వింటారు కదా అని.

విన్నాడు. వరహాలరావు తల పక్కకు వంచి, కిటికీ అద్దం దించి విన్నాడు. ఇరవై ఏళ్ల చెవి అది. ఇంజన్ మోతలోంచి నన్ను వేరు చేసి పట్టుకుంది.

"ఏటి మావా, ఏదో రొద వస్తన్నాది?" అంది చిలకమ్మ.

అతను అద్దం ఎక్కించేశాడు. "టైర్ల మోత. నువ్వు తోలు" అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు. ఇన్నేళ్లలో నన్ను విన్న ఒకే ఒక్కడు, విననట్టు నటించాడు! మరునాడు అంతకంటే వింత జరిగింది. అతను బజారుకు వెళ్లి రెండు డబ్బాల గేరాయిల్ తెచ్చి, తన సీటు కింద గోనెసంచిలో చుట్టి పెట్టాడు. ఈ రోజు పోస్తాడు, రేపు పోస్తాడు అని ఎదురుచూశాను. పోయలేదు. సంతలో ఎవరో "చిలకమ్మ బండి" అన్నప్పుడు అతను సీటు కింద సంచిని మడమతో ఇంకా లోపలికి తోయడం చూశాక నాకు అర్థమైంది. నాకు తెలియనిదా ఆ రోగం! ఆమె తనంతట తాను ఇబ్బంది పడాలి, "నువ్వు లేకపోతే నా వల్ల కాదు మావా" అనాలి, అప్పుడు సంచి బయటకు తీయాలి. అతనికి కావలసింది ఆ ఒక్క మాట. బండిని పాడుచేయాలని అతనికి లేదు, బాగుచేయాలనీ లేదు. పద్దెనిమిది రోజులు అలాగే గడిచాయి. నా రొద కాస్తా మూలుగైంది, మూలుగు గుర్రు అయింది. నా పన్ను ఒకటి అంచున పగిలింది.

పంతొమ్మిదో రోజు నేరేళ్లగరువు గూడేనికి వెళ్తున్నాం. కొండ మీద పద్నాలుగు మంది పసిపిల్లలు టీకాలకు ఎదురుచూస్తున్నారు. పెట్టెలో ఐసు సాయంత్రం దాకానే ఉంటుంది. ఎత్తు ఎక్కుతుండగా నా లోపల ఏదో పట్టేసి వదిలింది. బండి వెనక భాగం లోయ వైపు అడుగు దూరం జారింది. గంగాభవాని కేక వేసింది. చిలకమ్మ స్టీరింగు వదల్లేదు. పాకించి పాకించి పది గజాల పైన చదునుగా ఉన్న చోట ఆపి, దిగి, వెనక్కి వచ్చి నా మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. అంత కాలిపోతున్నాను.

"మావా, ఇది టైర్ల మోత కాదు" అంది.

వరహాలరావు బండి దిగి, డోరు పట్టుకుని నిలబడ్డాడు. అబద్ధం ఆడటానికి ఇంకా వీలుంది. మెకానిక్కుని పిలుద్దాం అని ఉండొచ్చు. కానీ అతను లోయ అంచున టైరు జారిన గుర్తు వైపు చూశాడు.

"నాకు తెల్సు" అన్నాడు. "పద్దెనిమిది దినాల నుండి ఇంటన్నాను. సెప్పలేదు."

"ఎందుకు?"

"నిన్ను ఫొటో తీసిన కాడ్నుంచి నాకు మనసు బాగులేదు చిలకా. నేను నేర్పిన పని. నా బండి. నన్ను పక్కకి జరగమన్నారు." డోరు మీది బురదను గోటితో గీకాడు. "నువ్వు నన్ను అడగాలని సూసినాను."

దానికి చిలకమ్మ అన్న మాట నేను మరిచిపోలేను. "అడిగినాను కదా మావా. మొదటి దినమే అడిగినాను. నువ్వే అద్దం ఎక్కించీసినావు."

అతను తల వంచుకుని సీటు కిందికి చెయ్యి పోనిచ్చి గోనెసంచి తీశాడు. రెండు డబ్బాలూ చూసి ఆమెకు మళ్లీ కోపం వచ్చింది. "ఇవి కూడా కొనీసినావా! కొని దాసినావా!" అని డబ్బా లాక్కుంది. గంగాభవాని మధ్యలో కల్పించుకుంది. "మొగుడూ పెళ్లాల తగువు కొండ దిగాక పెట్టుకోండి. నా ఐసు కరిగిపోతోంది."

టార్పాలిన్ పరిచి చిలకమ్మ కిందికి దూరింది. స్పానరు తీసుకుని నా కింది బోల్టు మీద వేసింది.

"ఆగు!" వరహాలరావు అరిచిన అరుపుకి నేనే అదిరిపడ్డాను. "కింది బోల్టు తియ్యకు. పై బోల్టు ముందు. ఉన్న ఆయిలు వదిలీసినాక పైది రాకపోతే, కొత్తది ఎలగ పోస్తావు? ఇక్కడే ఉండిపోతాం."

పై బోల్టు పదకొండేళ్లుగా ఎవరూ ముట్టనిది. తుప్పు పట్టి కదలనంది. చిలకమ్మ రెండు చేతులా లాగింది, స్పానరు జారి మణికట్టు గీరుకుపోయింది. అప్పుడు వరహాలరావు, వంగని కాలిని చాపి ఉంచి, వీపు మీద పాకుతూ ఆమె పక్కకు వచ్చి పడుకున్నాడు. నొప్పికి పళ్లు బిగపట్టాడు. బోల్టు మీద డీజిల్ చుక్కలు వేసి, సుత్తితో చుట్టూ మెల్లగా కొట్టి, స్పానరుకి ఇనుప గొట్టం తొడిగాడు. "ఇప్పుడు ఇద్దరం. ఒక్కసారే" అన్నాడు. టక్కుమంది. పదకొండేళ్ల తర్వాత నాలోకి వెలుతురు వచ్చింది.

ఆ తర్వాతే కింది బోల్టు విప్పారు. నాలోంచి పాలకాఫీ రంగు ద్రవం కారింది. ఆ బోల్టు కొసకి అయస్కాంతం ఉంటుంది. దాని మీద నల్లటి ముద్ద, ముద్దలో బియ్యపు గింజంత ఇనుప పెచ్చు. నా పన్ను. వరహాలరావు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమెకు చూపించాడు.

"ముద్ద ఉంటే ఫరవాలేదు. పెచ్చు ఉండకూడదు" అన్నాడు. "ఇది నా వల్లే."

కొండ మీద చలి. కొత్త ఆయిల్ తేనెలా గడ్డకట్టి, పోయడానికి పెట్టిన రబ్బరు గొట్టంలో దిగనంది. "డబ్బా ఇంజన్ మీద పెట్టు. కాగుతాది" అన్నాడు. గంగాభవాని బానెట్ ఎత్తి డబ్బాలు రెండూ వేడి ఇంజన్ మీద పెట్టింది. ఇన్నేళ్లూ నేను చూసి ఏడ్చిన ఇంజన్! పావుగంట తర్వాత, కోసిన నీళ్ల సీసాను గరాటు చేసి ఆమె పైన ఎత్తి పట్టుకుంటే, గొట్టం గుండా నాలోకి దిగిన మొదటి కొత్త ఆయిల్ దాని వేడితో దిగింది. నాకు సిగ్గేసింది. కృతజ్ఞత కలిగిందని చెప్పను. అంత మంచిదాన్ని కాను.

పై బోల్టు కంత అంచు దాకా నిండి, బయటికి చుక్క కారింది. చిలకమ్మ చిటికెన వేలు లోపలికి పెట్టి చూసింది. "తగుల్తన్నాది" అంది. అతను గాలి గొట్టంలో మట్టి తీగతో తీసి, నోటితో ఊది చూశాడు. బోల్టులు బిగించారు. ఎక్కబోయే ముందు ఆమె, "ఇకపైన నీ సెవి మూసుకున్నా ఊరుకుంటాను గానీ నోరు మూసుకుంటే ఊరుకోను" అంది. అతను తలూపాడు. మూడింటికి నేరేళ్లగరువు చేరాం. ఐసు ఇంకా ఉంది. పద్నాలుగు మందీ ఏడ్చారు, అంటే పద్నాలుగు మందికీ టీకాలు పడ్డాయి.

ఆమె అతనితో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు బండి ఎక్కుతూ, "ఏటి ఇనబడతన్నాది?" అని అడిగింది. అప్పటి నుంచి రోజూ అడిగేది, రోజూ అతను చెప్పేవాడు. నా తమ్ముడి ఆయిలూ, నడుమనున్న గేరు పెట్టె ఆయిలూ కూడా ఆ వారమే మార్చారు. ఈ కబురు పాకి, చుట్టుపక్కల జీపుల వాళ్లంతా తమ బండ్లు వినిపించడానికి వరహాలరావు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఇంటి ముందు రెండు ఏటవాలు ఇనుప పట్టాల మీద బండి ఎక్కించి, కింద చక్రాల పీట మీద పడుకుని అతను పని చేస్తాడు. పరాయి డిఫరెన్షియళ్లలో అతని చిటికెన వేలు చూసి నేనెంత ఉడుక్కున్నానో మీకు చెప్పలేను.

పగిలిన పన్ను మళ్లీ మొలవదు. ఏడాదిన్నర లాగాను. చివరికి అతనే నర్సీపట్నం వెళ్లి, చెట్టుకు గుద్దుకున్న ఇదే రకం బండిలోంచి ఇంకొకదాన్ని తెచ్చి నా చోట బిగించాడు. పాత ఇనుము కొనేవాడు నన్ను తక్కెడలో పెట్టబోతే వద్దన్నాడు. మూత తీసి, కడిగి, ఇంటి అరుగు మీద పెట్టాడు. కొత్త డ్రైవర్లు వస్తే నా పళ్లు చూపించి, నీళ్లు చేరితే ఏమవుతుందో చెబుతాడు. పన్ను ఎలా పగిలిందని ఎవరైనా అడిగితే, "ఇనబడినా సెప్పకపోతే" అంటాడు. అంతకంటే వివరం చెప్పడు. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది.

మొన్న కొత్తదాన్ని పరీక్ష చేశాడు. చిలకమ్మ పక్కనే గొంతుక్కూర్చుంది. అతను పై బోల్టు తీసి, వేలు ముంచి, వాసన చూసి, ఆ వేలిని ఎండలో ఆమెకు చూపించాడు. బంగారు రంగు చుక్క. "బాగుంది" అన్నాడు. ఆమె ఆ చుక్కను తన వేలితో తుడిచి, తనూ వాసన చూసి మొహం చిట్లించి నవ్వింది. ఇద్దరూ నవ్వారు.

అరుగు మీద నుంచి అంతా చూశాను. వచ్చి నెల కూడా కాలేదు దానికి. చూసి ఓర్చుకోలేకపోయాను.