మొదటి అంగుళం లేని టేపు

నేను ఒక దర్జీ టేపుని. అరవై అంగుళాలతో పుట్టి, యాభై తొమ్మిదితో బతికి, ఇప్పుడు ఒక మేకుకు వేలాడుతున్నాను. నా రంగు పసుపుపచ్చ. అంటే ఒకప్పుడు. ఇప్పుడు నాది ఏ రంగని అడిగితే మర్యాదస్తులు ‘పాతది’ అని ఊరుకుంటారు.

కార్ఖానాలో నాకు అంకెలు అచ్చు వేసి, రెండు కొసలకూ ఇత్తడి బిళ్ళలు తొడిగిన రోజున నేను పడ్డ మురిపెం ఇంతా అంతా కాదు. ఇకమీదట లోకంలో ఏది ఎంతో నేను చెబితేనే తెలుస్తుందనుకున్నాను. తీరా చూస్తే బతుకంతా మనుషుల నడుముల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. నన్ను నడుముకు చుట్టగానే ప్రతి మగవాడూ ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. నెల తిరక్కుండా అదే పాంటు పట్టుకొచ్చి, టేపు తప్పు చూపించిందని నా మీదే నింద వేస్తాడు. నేను అబద్ధం ఆడి ఎరగను, నాతో అబద్ధమాడని పొట్టను చూసి ఎరగను.

నన్ను మొదట కొన్నది సికింద్రాబాదులో హుస్సేన్ ఉస్తాద్. పాంటు అడుగు మడిచి కుట్టడంలో ఆయనంతటివాడు ఆ వీధిలో లేడు. మెషీను మీద టకటకా కొట్టిచ్చేవాళ్ళు చాలామంది ఉండేవారు. ఉస్తాద్ మాత్రం చేతి సూదితో, బట్టలో ఒక్క పోగును మాత్రమే పట్టి, పైకి చుక్కయినా కనబడకుండా కుట్టేవాడు. ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉండేది. పొడుగు ఎక్కువైన పాంటుని ఎప్పుడూ మొత్తం కత్తిరించేవాడు కాదు. రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి ఉంచేవాడు. “కత్తెర వేసేముందు ఒకసారి అనుమానపడు. కోసిన గుడ్డ అతకదు” అని శిష్యుడు రాజలింగానికి రోజుకోసారి చెప్పేవాడు. ఉస్తాద్ పోయాక ఆయన కత్తెరతో పాటు నేనూ రాజలింగం భుజం మీదికి చేరాను.

నా మొదటి అంగుళం పోయింది రాజలింగం దగ్గరే. ఒకరోజు ఇస్త్రీ పెట్టె నా కొస మీద పెట్టి, ఆయన ఎవరితోనో ఎన్నికల గురించి వాదనలో పడ్డాడు. వాదన తేలలేదు గానీ నా కొస మాడిపోయింది. మాడిన ముక్కను ఒకటో అంకె గీత దగ్గర నీటుగా కత్తిరించి, “గింతే గదా” అన్నాడు. నా ఇత్తడి బిళ్ళ చెత్తలోకి వెళ్ళిపోయింది. ఆ బిళ్ళ కోసం నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు. కొత్త టేపు వస్తే నా గతేమిటని ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఆయన కొత్తది కొనలేదు. ఒకటో గీత మీద వేలు పెట్టి కొలిచి, వచ్చిన అంకెలో ఒకటి తీసేసి చెప్పడం మొదలుపెట్టాడు. నలభై ఒకటి వస్తే నలభై అనేవాడు. కొద్ది రోజుల్లోనే ఆ లెక్క ఆయన నోటికి ఎంత అలవాటైందంటే, తీసేస్తున్నానన్న సంగతి కూడా ఆయనకు గుర్తుండేది కాదు. అలా పాతికేళ్ళు గడిచాయి. నాకు కూడా గర్వం తిరిగొచ్చింది. అందరూ కొసలున్న టేపులతో కుడతారు, కొస లేని టేపుతో సరిగ్గా కుట్టించడం నావల్లే అవుతోందని అనుకునేవాణ్ణి. వినేవాళ్ళు లేరు కాబట్టి ఎవరూ నవ్వలేదు.

రాజలింగానికి అరవై దగ్గరపడేసరికి దుకాణం పోయింది. మాదాపూర్‌లో ఒక పెద్ద భవనం మెట్ల కింద మెషీను వేసుకున్నాడు. రెడీమేడ్ పాంట్లకు అడుగు మడిచి కుట్టడమే పని. కొన్నాళ్ళకు ఆ భవనం పైఅంతస్తులో, బీరు సొంతంగా కాచుకుని అమ్మే పబ్బు ఒకటి వెలిసింది. దాని మేనేజరు ఫణీంద్రకు మెట్ల కింద ఈ ముసలి మెషీను చూడగానే కళ్ళు మండాయి. ఇన్వర్టరు బ్యాటరీలు పెట్టుకోవడానికి ఆ జాగా కావాలని ఒకటే గోల.

అక్కడ బీరు కాచే అమ్మాయి పేరు స్ఫూర్తి. తెనాలి పిల్ల. దసరాకి గుమ్మడికాయ బీరు దించాలని ఆమె పట్టుదల. చలిదేశాల్లో ఆకులు రాలే కాలంలో ఇలాంటి బీరు తాగుతారట. ఇక్కడ ఆకులు రాలకపోయినా గుమ్మడికాయలు వస్తాయి కదా, బతుకమ్మ మీద గుమ్మడి పువ్వు పెట్టే ఊరికి ఈ రుచి తెలియకపోతే ఎలా అని ఫణీంద్రను ఒప్పించింది. ఆమె పేరు మీద దిగబోతున్న మొదటి బీరు అదే.

ఆ దసరాకే వడ్డించే పిల్లలు పన్నెండు మందికీ కొత్త నల్ల పాంట్లు తెప్పించారు. అన్నీ ఒకే పొడుగు, ఒక్కటీ ఎవరికీ సరిపోదు. ఫణీంద్ర మెట్ల కిందికి వచ్చి చెప్పాడు. “మాస్టర్, మా ఓనర్ దసరా రోజు వస్తున్నారు. ఈ పన్నెండూ కరెక్టుగా వస్తే ఈ జాగా గురించి మళ్ళీ మాట్లాడను. తేడా వచ్చిందంటే మాత్రం పండగ తెల్లారి మెషీను తీసేయాలి.”

“ముప్పై ఐదేండ్ల సంది గిదే పని సార్” అన్నాడు రాజలింగం. మాట గట్టిగానే వచ్చింది. భుజం మీద ఉన్నాను కనుక గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలిసింది. ఈ వయసులో ఇంకో మెట్ల కింద జాగా ఎవరిస్తారు?

కొలతలకు పైకి వెళ్తే అక్కడ స్ఫూర్తి నాలుగు చిన్న గ్లాసులు పట్టుకుని దిగులుగా కూర్చుని ఉంది. నాలుగు రకాల గుమ్మడికాయ బీరు. రుచి చూసినవాళ్ళందరూ ‘సూపర్’ అన్నారట, గ్లాసు మాత్రం ఒక్కరూ ఖాళీ చేయలేదట. “మీరైనా నిజం చెప్పండి మాస్టర్ గారూ” అంది.

రాజలింగం ఈతకల్లు రుచి తెలిసిన మనిషి. మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టి ఆగాడు. గుక్క తాగి నాలుక మీద తిప్పాడు. రెండోది, మూడోది, నాలుగోది కూడా అలాగే చేసి, మీసాలు తుడుచుకున్నాడు.

“ఏమనుకోకు బిడ్డా. లవంగం తెలుస్తుంది, చెక్క తెలుస్తుంది, జాజికాయ తెలుస్తుంది. గుమ్మడికాయ యాడున్నది? మసాల డబ్బ తాగినట్టున్నది.”

స్ఫూర్తి మొహం వాడిపోయింది. ఆయన ఒక పాంటు అడుగు తిప్పి, లోపలి కుట్టు, పైవైపు నునుపు రెండూ చూపించాడు. “గిది జూడు. లోపల కుట్టున్నది, పైకి కనవడ్తదా? కుట్టు లేకపోతే మడత నిలవడదు. కనవడితే పని పాడు. నీ మసాల గూడ గట్లనే ఉండాలె. గుమ్మడికాయను మంచిగ కాల్చి వెయ్యి, లవంగం సగం తగ్గియ్యి.”

ఆమె లేచి నిలబడి అదంతా రాసుకుంది. గంభీరంగా కొలతలు తీసే వృత్తిలో ఉన్న నాకు, నోటితో కొలిచేవాడు కూడా ఉంటాడని ఆ రోజే తెలిసింది. కాస్త అసూయపడ్డాను కూడా.

ఆ కృతజ్ఞత కొద్దీ, “కొలతలు మీరు చెప్పండి, నేను రాస్తాను” అని స్ఫూర్తి కాగితం పట్టుకుంది. అక్కడే కొంప మునిగింది.

బీరులో తీపి ఎంతుందో చూడటానికి ఆమె దగ్గర ఒక గాజు మీటరుంది, పాలలో నీళ్ళు పట్టే మీటరుకు అన్నలాంటిది. వేడి బీరులో ముంచితే అది తక్కువ చూపిస్తుంది. ఎంత తేడానో చూసుకుని, కలిపి రాసుకోవాలి. పనిముట్టు చెప్పిన మాటను దిద్దకుండా నమ్మడం ఆమె చదువులోనే లేదు. పన్నెండు మందినీ బూట్లతో నిలబెట్టి, రాజలింగం నడుము నుంచి మడమ దాకా కొలుస్తుంటే ఆమె నన్ను పరీక్షగా చూసింది. నాకు మొదటి అంగుళం లేదని, ఆయన ఒకటి దగ్గర వేలు పెడుతున్నాడని కనిపెట్టింది. మడమ దగ్గరి అంకె ఆమెకు కనబడలేదు; పాపం పెద్దాయన ఒకటి తీసేయడం మరిచిపోతున్నాడనుకుంది. పదిమందిలో అంటే చిన్నబుచ్చుకుంటాడని, ఆయన నలభై అంటే తాను ముప్పై తొమ్మిది రాసింది. అలా పన్నెండూ రాసింది. ఆయన తీసేసిన అంగుళాన్నే ఆమె మళ్ళీ తీసేసింది.

ఆ కాగితాన్ని మెట్ల కింద మెషీను మీద పెట్టుకుని రాజలింగం ఒకచోట ఆగాడు. “గా లంబు పోరనికి నలభై ఒకటేనా?” అని గొణుక్కున్నాడు. పైకి వెళ్ళి ఇంకోసారి కొలిస్తే పోయేది. కానీ చదువుకున్న పిల్ల రాసిన కాగితం కన్నా తన జ్ఞాపకం గొప్పదని ఆయనకు ఎలా అనిపిస్తుంది? కుట్టుకుంటూ పోయాడు. నా ఒంటి నిండా అంకెలే, నోరు మాత్రం లేదు. ఉన్నా, ఆ రోజు నేను చెప్పేవాణ్ణని గట్టిగా అనలేను. అంత అందమైన కుట్టు చూస్తూ పొడుగు సంగతి నేనూ మరిచాను.

దసరా నాడు మధ్యాహ్నం పన్నెండు మందీ పాంట్లు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. పన్నెండు జతల మేజోళ్ళు దర్శనమిచ్చాయి. ఒక కుర్రాడు “ఇప్పుడిదే ఫ్యాషన్ అంకుల్” అని ఓదార్చబోయాడు. ఫణీంద్ర మొహం మాత్రం ఎర్రబడింది.

“ఏడింటికి ఓనర్ వస్తారు. ఎవరిది ఈ తప్పు?”

కాగితం స్ఫూర్తి చేతిలో ఉంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, జరిగిందేమిటో అర్థమై పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అక్కడ అందరికన్నా ముందు భుజం తడుముకున్నది మాత్రం రాజలింగం. ఆయన చేతికి నేను తగిలాను. ఆమె నోరు తెరిచేలోపే నన్ను తీసి ఫణీంద్ర ముందు పెట్టాడు.

“టేపుది సార్ తప్పు. పాతదైంది, సాగింది. నేనే చూస్కోలే.”

నేను సాగానా! ముప్పై ఐదేళ్ళలో వెంట్రుకవాసి సాగలేదు. పాతికేళ్ళు ఆయన మెడ చెమట తాగినందుకు నాకు దక్కిన బిరుదు అది. కానీ ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు చూశాక నాకు కోపం నిలవలేదు. సరే, సాగాననే అనుకోండి.

“గుడ్డ లోపల్నే ఉన్నది సార్. ఏడు గొట్టకముందు దించి ఇస్త” అన్నాడు రాజలింగం. ఉస్తాద్ పట్టింపు ఆ రోజు ఆయనను కాపాడింది. పన్నెండు మంది కుర్రాళ్ళూ నేల మీద కూర్చుని కుట్లు విప్పారు. పాత మడత గీత పోవడానికి వంటింట్లోంచి సిర్కా, అదే వెనిగర్, తెప్పించి, నీళ్ళలో కలిపి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశారు. ఆ ఇస్త్రీ పట్టుకున్నది స్ఫూర్తి. రాజలింగం నడుం ఎత్తకుండా, ఇరవై నాలుగు కాళ్ళకూ చేతి సూదితో, ఒక్కొక్క పోగే పట్టి కుట్టాడు. ఆఖరి దారం తెంపేసరికి ఆరు నలభై. ఏడింటికి గుమ్మంలో బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. పన్నెండు పాంట్లూ బూట్ల మీద వాలి నిలబడ్డాయి. ఓనరు వాటిని చూడనైనా చూడలేదు. పాంటు సరిగ్గా ఉంటే ఎవరూ చూడరు.

ఫణీంద్ర కిందికి వచ్చి, “కూర్చోండి మాస్టర్, బ్యాటరీలు డాబా మీద పెట్టుకుంటాం” అన్నాడు. వెనకే స్ఫూర్తి ఒక గ్లాసు పట్టుకుని వచ్చింది. కాల్చిన గుమ్మడికాయతో, లవంగం తగ్గించి కాచింది. రాజలింగం గుక్క తాగి నాలుక మీద తిప్పాడు. ఆమె గ్లాసు వంకే చూస్తూ నిలబడింది.

“కుట్టు కనవడ్తలేదు బిడ్డా” అన్నాడు ఆఖరికి.

అప్పుడు ఆ పిల్ల ఏడ్చేసింది. “తప్పు టేపుది కాదు మాస్టర్ గారూ, నేనే…”

“నాకెరుకే. నీ పేరు జెప్తే నీ నౌకరి పోతుండె, నా పేరు జెప్తే నా జాగ పోతుండె. టేపును ఎవ్వలు తీసేస్తరు?”

ఎవరు తీసేస్తారట! మర్నాడు పొద్దున్నే ఫణీంద్ర కొత్త టేపు తెచ్చి రాజలింగం మెడలో వేసి, నన్ను చెత్తబుట్టలో వేయించాడు. అందులోంచి నన్ను ఏరి తెచ్చింది స్ఫూర్తి. బీరు కాచే గదిలో, ఆ గాజు మీటరు పక్కన మేకుకు తగిలించింది. ఏటా దసరా ముందు గుమ్మడికాయల చుట్టుకొలత నాతోనే తీస్తుంది. గుమ్మడికాయలు ఊపిరి బిగబట్టవు. నా ఉద్యోగంలో ఇంత నిజాయితీ గల పొట్టలను ఇప్పుడే చూస్తున్నాను.

నిన్న పండగ పాంట్ల కొలతలకు రాజలింగం పైకి వచ్చాడు. ఆయన భుజం మీద కొత్త టేపు మెరుస్తోంది. అరవైకి అరవై అంగుళాలు, రెండు కొసలా ఇత్తడి బిళ్ళలు. ఈర్ష్య ఆపుకోలేక కళ్ళార్పకుండా చూశాను. ఆయన ఆ బిళ్ళను వదిలేసి ఒకటో గీత మీద వేలు పెట్టాడు. నలభై ఒకటి దాకా కొలిచాడు. “నలభై” అన్నాడు.

స్ఫూర్తి ఒకసారి నా వైపు చూసి, నలభై అనే రాసింది. నేను కొలువులోంచి దిగిపోయి మూడేళ్ళయింది. నా లోపం మాత్రం ఇంకా అక్కడే పనిచేస్తోంది.