సాక పోసేదాకా

కుండలో నురగ పొంగుతోంది.

నీరజ దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పొద్దున సర్కారు స్టాలు నుంచి తెచ్చినప్పుడు అది తియ్యటి నీరా. గుజరాత్‌లో మందు నిషేధం గానీ నీరాకు అడ్డు లేదు. చలికాలం పొద్దుటిపూట సూరత్‌లో సగం మంది రోడ్డు పక్కన నిలబడి తాగేది అదే. కానీ ఎండ ఎక్కితే అదే నీరా పులిసి కల్లవుతుంది. ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. పొద్దున్నే వస్తానన్న లైసెన్స్ ఆఫీసర్ ఇంకా రాలేదు.

సూరత్ శివారు ఉన్‌లోని ఆ హాలు నీరజది. మరమగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబాల పెళ్లిళ్లు, కథలు అన్నీ అందులోనే. నిరుడు ఎవరో వెనక గోడ పక్కన మందు సీసాలు పడేశారు. ఎవరో ఫిర్యాదు చేస్తే వార్డు ఆఫీసు వాళ్లు వచ్చి సీలు వేశారు. ఆమె తిరగ్గా తిరగ్గా, ఒక్క కార్యక్రమం కళ్లారా చూసి లైసెన్స్ సంగతి తేలుస్తామన్నారు. ఈ రోజు జరిగే ఎల్లమ్మ కథే ఆ పరీక్ష. మందు దొరికిందా, హాలుకు మళ్లీ తాళం పడుతుంది. ఇక తెరుచుకోదు.

"అవ్వా, కుండ తీసేద్దాం" అంది నీరజ.

ఎల్లమ్మ పక్కన పూజకు కూర్చున్న చిన్నవ్వ కళ్లెర్రజేసింది. "అమ్మ ముంగట పెట్టిన కుండ, సాక పొయ్యకుండ తీస్తరా? మతి ఉన్నదా బిడ్డా నీకు?"

సాక అంటే కథకు ముందు దేవతకు కల్లు ధారపోయడం. ఇక్కడ కల్లు కుదరదు కాబట్టే నీరజ నీరా తెచ్చింది.

"అయితే ఇప్పుడే పోసెయ్యి."

"డోలు మోగకుండ ఎట్ల పోస్త?"

ఒగ్గు కథ చెప్పే వినోద్ డోలు మెడకు తగిలించుకుని నిలబడ్డాడు. "అక్కా, నువ్వు ఊ అను. దంచుడే."

నీరజ ఊ అనలేదు. ఆఫీసర్ అనుమతి లేకుండా డోలు మోగితే లైసెన్స్ పోవడానికి అదొక్కటే చాలు. ఆఫీసర్ రాకుండా డోలు లేదు. డోలు లేకుండా సాక లేదు. సాక పోయకుండా కుండ కదలదు.

బయట జీపు ఆగింది.

లైసెన్స్ ఆఫీసర్ జరీవాలా సాహెబ్ లోపలికి వచ్చాడు. ఆయన వెనకే సోమలింగం. రోడ్డుకు అవతల కొత్తగా ఏసీ హాలు కట్టిన సోమలింగం. వాడిని చూడగానే ఫిర్యాదు ఎక్కడి నుంచి వెళ్లిందో నీరజకు అర్థమైంది.

"నువ్వెందుకొచ్చినవ్ అన్నా?"

"సాహెబ్‌కు మన భాష రాదు గద చెల్లె. జర మాట సాయం."

జరీవాలా కుండ వైపు వేలు చూపించాడు. "ఆ శుఁ ఛే?" ఇదేమిటని గుజరాతీలో అడిగాడు.

చిన్నవ్వకు భాష రాకపోయినా వేలు అర్థమైంది. "సాక."

"శాక్?" ఆయన కనుబొమలు లేచాయి. గుజరాతీలో శాక్ అంటే కూర. "కుండెడు కూరా?"

నీరజకు ప్రాణం లేచివచ్చింది. అవునని తలూపబోయింది.

"శాక్ కాదు సాహెబ్" అన్నాడు సోమలింగం. "సాక. దేవతకు పోసే కల్లు. దారూ!"

"నీరో సాహెబ్!" నీరజ నీరాకు గుజరాతీ పేరు అందుకుంది. "సర్కారు స్టాలుది. మీరు పొద్దున్నే వస్తామన్నారు కదా!"

"రింగ్ రోడ్ మీద ట్రాఫిక్. సరే, నీరో అయితే భయమెందుకు?" ఆయన సంచిలోంచి గాజు సీసా తీశాడు. "శాంపిల్ తీసుకుంటాను. ల్యాబ్ చెబుతుంది."

ల్యాబ్ ఏం చెబుతుందో నీరజకు తెలుసు.

జరీవాలా బూట్లు విప్పి రెండడుగులు వేసి ఆగాడు. దేవతకూ ఆయనకూ మధ్య నేలంతా పసుపు, కుంకుమ, ఆకుపచ్చ పొడులతో వేసిన పట్నం పరుచుకుని ఉంది. అంత పెద్ద ముగ్గును తొక్కడానికి ఆయనకు కాలు రాలేదు. సీసాను సోమలింగం చేతిలో పెట్టాడు. "మీ దేవత. నువ్వే వెళ్లు."

చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు మోకాళ్ల మీద లేచి చూశారు. సోమలింగం చెప్పులు విడిచాడు. కాలెత్తాడు.

"తొక్కు బిడ్డా" అంది చిన్నవ్వ మెత్తగా. "కథ గాకముందే అమ్మ పట్నం తొక్కు. నువ్వు కడుపుల పడాలని మీ అవ్వ గీ ఎల్లమ్మకే ముడుపు గట్టింది. ఆమె సూస్తనే ఉంటది."

ఎత్తిన కాలు గాలిలోనే ఉంది. సోమలింగం మెడ మీద చెమట కారింది. కాలు వెనక్కి వచ్చింది.

"సాహెబ్... ఇది తొక్కకూడదు. కథ మొదలైతే సాక పోయడానికి కుండ వాకిట్లోకి వస్తుంది. అక్కడ సీసాలో పడతాను."

"మొదలుపెట్టమను."

"మీ పర్మిషన్ కావాలి సాహెబ్" అంది నీరజ. "అందరూ వినేలా చెప్పండి."

జరీవాలా విసుగ్గా వాచీ చూసుకున్నాడు. "ఇచ్చాను! కథకు పర్మిషన్ ఇచ్చాను!"

డోలు దద్దరిల్లింది. వినోద్ నిప్పుల మీద గుప్పెడు గుగ్గిలం విసిరాడు. పొగకు జరీవాలా వరసగా తుమ్మసాగాడు. సోమలింగం సీసా పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. వాళ్ల ఊళ్లో సాక వాకిట్లో మట్టి మీద పోస్తారు.

కానీ ఈ హాలు గుమ్మం దాటితే సిమెంటు రోడ్డే. సాక మట్టిలో ఇంకాలి. అందుకే నీరజ దేవత పాదాల దగ్గరే మట్టి గద్దె పోయించింది. ఏనాడూ ఈ హాల్లో కథకు కూర్చోని సోమలింగానికి ఆ సంగతి తెలియదు.

వాడు వెనక్కి తిరిగేసరికి చిన్నవ్వ చేతిలో కుండ బోర్లా ఉంది. నురగ మట్టిలోకి ఇంకిపోతోంది. చిన్నవ్వ తొందరపడలేదు. అమ్మ ముందు ఖాళీ కుండ ఉండకూడదని చెంబెడు పసుపు నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లూ పారబోసి, మళ్లీ నిండా పసుపు నీళ్లు నింపింది. అప్పుడు పిలిచింది.

"దా సోమలింగం. సీసల నింపుకపో. తొక్కకుండ రా, గోడ పొంటి సందున్నది."

జరీవాలా ముక్కు తుడుచుకుంటూ కుండలోకి తొంగిచూశాడు. పచ్చటి నీళ్లు. తడిసిన గద్దె వైపు చూశాడు. నీరజ ముఖం వైపు చూశాడు.  

ఆయన ఖాళీ సీసాను సంచిలో వేసుకున్నాడు. "లైసెన్స్ రేపు ఆఫీసుకొచ్చి తీసుకో. ఈసారి నన్ను పిలిస్తే నీరో ముందే తేవద్దు. నేను బయలుదేరాక తెప్పించు."

"సరే సాహెబ్."

"శాక్ అయిపోయిందా?"

నీరజ తెల్లబోయింది. ఆయన హాలు మూల ఉన్న వంట గిన్నెల వైపు చూస్తున్నాడు.

"ఒక శాక్ అయిపోయింది సాహెబ్" అంది మెల్లగా. "వంకాయది ఉంది."

"మరి వడ్డించు. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."