నీలాద్రిరావు తీసిన లవణచిత్రము

గ్రీష్మము ముదిరి చండభానుకిరణసంతప్తమయిన ప్రాక్సముద్రతీరమున కొత్తమొగ యను పల్లెయొద్ద నుప్పుమడులు వేయి దర్పణములు పఱచినట్లు ధగధగ మెఱయుచు చూపఱులను కన్ను విప్పనీయకుండెను. ఉప్పుగాలికి పెదవులు పగిలిన స్త్రీపురుషులు ప్రొద్దు పొడువకమునుపే మడులలో దిగి చెక్కపలకలతో శుభ్రస్ఫటికరాశిని గట్టునకు లాగుచుండ వారి పాదముల కంటిన లవణము ఎండకు వెండికడియమువలె తళుకొత్తుచుండెను. ఆ శోభను చూచి మనసు పాఱవేసికొనినవాడు పేడాడ నీలాద్రిరావను చలనచిత్రదర్శకుడు.

ఈతడు తొలుత భాగ్యనగరమునకేగి తొమ్మిదేండ్లు పెద్ద దర్శకులకడ సహాయకుడై విద్య నేర్చినవాడు. నిర్మాత లిద్దఱు ముగ్గురు పిలిచి చిత్ర మప్పగింతుమనియు నందాఱు పాటలును నాలుగు పోరాటములును ఉండితీఱవలెననియు చెప్పగా చేతులు జోడించి లేచివచ్చెను. స్వతంత్రుడై తీసిన తొలిచిత్రము ఏటిదాటింపు పడవవాని కథ. అది యొక్క పట్టణమున నొక్క సినిమాహాలులో ఉదయపుటాటగా నాలుగుదినము లాడి ఐదవనాడు గోడమీది కాగితముతో సహా కనుమఱుగయ్యెను. చూచినవారందఱు మెచ్చిరి గాని చూచినవారు నూఱుగురు లేరు.

పిమ్మట పెక్కేండ్లకు కొత్తమొగకు వచ్చి మడిలో పుట్టి మడిలోనే ముసలిదైన నూకమ్మ యను నామెను నాయికగా నెన్నుకొని మూడు వేసవులు చిత్రీకరణము సాగించెను. ఆమె నటింప నేరదు. తన పని తాను చేసికొనుచుండ నీతడు కెమెరా భుజమున నిడికొని గట్టుమీద కాచియుండువాడు. తొలియేట నామె యతని నమ్మక యెండలో నిలువబడి మమ్ము చూచుటయు నొక పనియా యని నవ్వినది. మలియేట తన గంజి పంచిపెట్టినది. మూడవయేట, మునుపెన్నడో పెనిమిటి పాముకాటున మడిగట్టుమీదనే ప్రాణము విడిచిన నాటి మాటలను కడుపున పుట్టినవారికిని చెప్పనివానిని కెమెరా యెదుట కూర్చుండి మెల్లమెల్లగా చెప్పినది. ఇక మిగిలిన దృశ్య మొక్కటే. తొలకరిమబ్బు క్రమ్మగానే పల్లెయంతయు పరుగుపరుగున వచ్చి యుప్పుకుప్పలపై తాటియాకులు కప్పు సంరంభమది. దానికై నీలాద్రిరావు నాలుగవ వేసవికి మరలివచ్చెను.

వచ్చి చూచునప్పటికి మడులలో లారీలు దిగియుండెను. ఓడరేవు కట్టు సంస్థ యొకటి ప్రభుత్వమువలన నా భూమిని పొంది యెఱ్ఱమట్టితో పూడ్పించుచుండెను. తరతరములుగా నుప్పు పండించినవారిచేత పట్టా యను కాగితమొక్కటియు లేదు. నీలాద్రిరావు వారితో గూడి కచేరీల మెట్లెక్కెను. పత్రికలకు వ్రాసెను. తుదకొక పెద్దయధికారికి తాను తీసిన చిత్రభాగములను చూపెను. ఆయన కన్నార్పక చూచి యెంత మనోహరముగా నున్నదని శ్లాఘించి పైనుండి వచ్చిన యుత్తరువు తన చేతిలోనిది కాదని కాఫీ తెప్పించి సాగనంపెను.

మఱునాడు నూకమ్మ మడి వంతు వచ్చెను. ఆమె చెక్కపలకపై చేయివైచి నిలువబడి దర్శకునివంక తిరిగి యిట్లనియె.

“బాబూ, నీవు పటము తీయుచుండినచో ఆ లారీలు నిలుచునా?”

“నిలువవమ్మా.”

“మఱి నీకిక్కడ నేమి పని?”

ఆమె కోపమున నడుగలేదు. తెలిసికొనగోరియే యడిగినది. అతడు చేతులకు వేఱొక విద్య రాకపోవుటచేత కెమెరా నెత్తెను. తెల్లని మడిమీద నెఱ్ఱమట్టి కుప్పగా పడుటయు లవణజలము పక్కలకెగసి గట్టు తెంచుకొనుటయు నూకమ్మ పలకను భుజమున నిడికొని వెనుదిరిగి చూడక నడచిపోవుటయు నందు పడెను. తాటియాకుల సంరంభమునకు మాఱుగా నదియే చిత్రమునకు చివరి దృశ్యమయ్యెను.

ఆ చిత్రము దేశాంతరమున నొక యుత్సవమున బహుమానము పొందెను. విమర్శకులా తుదిదృశ్యమును వేనోళ్ల కొనియాడి యట్టి కల్పన యెట్లు తోచినదని యడుగుచుండ నతడు సిగ్గుపడి లేచిపోయెను. స్వదేశమునకు మరలి యే నిర్మాత యింటికిని పోక పల్లెవారిని తరలించిన ఱేకులకాలనీకి తిన్నగా పోయెను. మధ్యాహ్నవేళ నచ్చటి పాఠశాలగదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి గోడపై చిత్రమును ప్రదర్శించెను.

వారు కథను చూడలేదు. అది మా గట్టు, అది మీ తూము అని వ్రేలు చాచి యొకరికొకరు చూపుకొనిరి. తొలియేట తీసిన మడులన్నియు నొక్కసారిగా గోడనిండ తెల్లగా పఱచుకొనినప్పుడు నూకమ్మ లేచి నిలువబడెను.

“బాబూ, దీని నింతట నిలుపుము.”

అతడు నిలిపెను. బొమ్మ కదలలేదు. నలువదిమంది చూచుచుండిరి. ఒక్కరును ఏడువలేదు. వెనుకవరుసనున్న వృద్ధుడొకడు మడులను వాని యజమానుల పేళ్లతో నొక్కొక్కటిగా పిలువసాగెను. కొంతసేపటికి గదిలో నుక్క పెరిగినను లేచిపోవువారు లేరైరి. మీటపై వ్రేలుంచిన నీలాద్రిరావు తాను దానిని నొక్కినచో తుదకు వచ్చున దేదియో యెఱుగును. ఎంతసేపు నొక్కక యుండగలడో యెఱుగడు. ముప్పదియేండ్లు బొమ్మలను కదలించు విద్యకే బ్రతుకు ధారవోసినవానికి ఆ మధ్యాహ్నమున నా బొమ్మను కదలింప చేయి రాదయ్యెను.