కిమ్ హోమ్ సిగ్నల్

మా ఇంట్లో పాత కంప్యూటర్ని పట్టుకుపొమ్మని, పాత సామాన్లు కొనే భంగార్‌వాలాను పిలిచింది మా ఆయన. వాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపింది నేను. సూరత్ రైల్వే కాలనీలో ఈ కథ తలకిందులై తిరుగుతోంది కనుక జరిగింది జరిగినట్టు చెబుతాను. పదిహేడేళ్లుగా ఆ కంప్యూటర్ని నోరారా తిట్టిన మనిషిని నేనే, కాబట్టి నా మాట నమ్మవచ్చు.

అది మా అమ్మాయి ఇందుజ పదో తరగతిలో ఉండగా కొన్నది. ఇందుజకి పెళ్లయి పుణే వెళ్లిపోయింది, ఇది మాత్రం హాల్లో పాతుకుపోయింది. పక్క రేకు ఊడదీసి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెడితే గాని నడవదు. మీట నొక్కి నేను కుక్కరు పెడితే మూడో కూతకి దాని తెర వెలుగుతుంది. మే నెలలో ఆ ఫ్యాను మనకా దానికా అని అడిగితే మా ఆయన మొహమాటం లేకుండా ‘దానికే’ అంటారు.

ఆయన పేరు లక్ష్మీపతి. ఇరవై ఎనిమిదేళ్లు రైలు నడిపారు. గూడ్సుతో మొదలుపెట్టి ఎక్స్‌ప్రెస్‌ల దాకా వెళ్లారు. నాలుగేళ్ల కిందట కంటి వెనక నరం పాడైందనీ, ఆపరేషనుతో పోయేది కాదనీ డాక్టర్లు తేల్చారు. ఇంజన్ ఎక్కడానికి పనికిరాడని రాసి లాబీలో కుర్చీ వేశారు. లాబీ అంటే డ్రైవర్లు డ్యూటీ ఎక్కేముందు వచ్చి సంతకం పెట్టే గది. తాగి రాలేదని తేల్చడానికి వాళ్ల చేత గొట్టంలో ఊదించడం ఈయన పని. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఊదేసి ఇంజన్ దగ్గరికి వెళ్తుంటే, ఈయన రిజిస్టరు మూసి కూర్చునేవారు. నాకు డాక్టర్ల మీదా, ఆ గొట్టం మీదా కూడా ఒళ్లు మండిపోయింది.

లాబీకి మారిన రెండో నెలలో ఇందుజ వదిలేసిన సీడీల్లో రైలు నడిపే ఆట ఒకటి దొరికింది. మనకు కావలసిన లైను మనమే వేసుకునే సాఫ్ట్‌వేరు కూడా అందులోనే ఉంది. ఇంకేముంది! మూడేళ్లు కూర్చుని సూరత్ నుంచి కిమ్ దాకా లైను వేశారు. తాపీ నది మీద వంతెన, ఉత్రాణ్, సాయణ్, దారిలో ప్రతి గేటూ, ప్రతి సిగ్నలు స్తంభమూ తన చేత్తో పాతారు. సాయణ్‌లో ఒక వేపచెట్టు తక్కువైందని ఒక ఆదివారం అన్నం సహించలేదు.

లైను పూర్తయ్యాక రోజూ సాయంత్రం ఐదున్నరకి బండి. కంప్యూటరు వేడెక్కి ఆగిపోతే ‘ఇంజన్ ఫెయిల్’ అని నోటుబుక్కులో టైము వేసి రాస్తారు. బండి నడుస్తుండగా డ్రైవరు ఫోను ముట్టకూడదు, ఈయనా ముట్టరు. ఒకసారి మా తోడికోడలు ఫోను చేస్తే నేనే తీసి ‘బండి మీదున్నారు’ అన్నాను. మళ్లీ ఇంజన్ ఎక్కించారనుకుని ఆవిడ సామర్లకోటలో వీధంతా మిఠాయి పంచింది.

ఇందుజ కొత్త ల్యాప్‌టాప్ పంపింది. ఈ ఆట దానిలో ఎక్కలేదు. ‘ఆ డబ్బా తీసేయండమ్మా, ఎప్పుడో అంటుకుంటుంది’ అని వారానికోసారి ఫోను. కందకు లేని దురద కత్తిపీటకెందుకే అని నేను కసురుకునేదాన్ని.

పోయిన శనివారం సాయంత్రం నేను బెండకాయలు తరుగుతుంటే హాల్లో ఫ్యాను చప్పుడు ఆగింది. వెళ్లి చూస్తే ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తెర నల్లగా ఉంది.

“రెడ్ దాటేశాను,” అన్నారు.

“ఏ రెడ్?”

“కిమ్ హోమ్. స్టేషన్ బయట ఉండే సిగ్నలు. నేను పాతిందే. కనపడలేదు ఛాయా.”

నవ్వబోయి ఆయన మొహం చూసి మానుకున్నాను. డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటితే ఇక అతనికి ఇంజన్ లేదు. ఇరవై ఎనిమిదేళ్లలో ఈయన ఒక్కసారి దాటలేదు. అదొక్కటే ఆయన గర్వం.

“డాక్టర్లు రాసింది నిజమే,” అన్నారు. “నాలుగేళ్లుగా ఒప్పుకోనిది నేనే.”

ఆదివారం పొద్దున నేను పాలు కాస్తుంటే తలుపు కొట్టారు. భంగార్‌వాలా, వెనకాల వాడి తోపుడు బండి. హాల్లో ఆయన అప్పటికే కంప్యూటరు తీగలన్నీ పీకి, శుభ్రంగా చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టారు. ఆ రబ్బరు బ్యాండ్లు చూసేసరికి నాకు ఏడుపొచ్చింది, వెనకే కోపమూ వచ్చింది.

“ఇదేమిటండీ?”

“రెడ్ దాటినవాణ్ణి ఇంజన్ దింపేయాలి. అదే రూలు.”

“అత్త మీద కోపం దుత్త మీద చూపించకండి. ఎంక్వయిరీ ఏదీ?”

“ఏం ఎంక్వయిరీ?”

“పెళ్లయిన దగ్గర్నుంచీ మీరు నిద్రలో కూడా ‘హోమ్ గ్రీన్, హోమ్ గ్రీన్’ అంటుంటే విన్నదాన్ని. రూల్సు నాకు చెప్పకండి. సిగ్నలు కనపడగానే అసిస్టెంటు వేలు చూపించి రంగు అరవాలి, డ్రైవరు తిరిగి అనాలి. అవునా?”

“అవును.”

“నిన్న మీ అసిస్టెంటు ఎవరు?”

ఆయన తెల్లమొహం వేశారు. “ఆటకి అసిస్టెంటు ఎందుకే?”

“ఆటలో రెడ్ దాటితే ఇంజన్ ఎందుకు దిగాలి మరి?”

భంగార్‌వాలా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, “బెన్, ఆపవానుం ఛే కే నహీ?” అన్నాడు, అక్కా, ఇస్తారా ఇవ్వరా అని.

“నథీ ఆపవానుం!” అన్నాను. ఇవ్వను. ఆ గుజరాతీ ముక్క అంత గట్టిగా నేనెప్పుడూ అనలేదు. పక్క క్వార్టరు లలితమ్మ గారు కిటికీ తెరిచింది అప్పుడే.

తలుపు వేశాక ఆయన మెల్లిగా అన్నారు. “నాకు నిజంగానే కనపడటం లేదు ఛాయా.”

“లేకపోతే లేదు. వాళ్లు రాసింది నిజమే అనుకోండి, అయితే ఏం? నాకు శుక్లాలు తీసి ఏడాది కాలేదు. కొత్త కళ్లు. ఊరికే బెండకాయలకి వాడుతున్నాను.”

సాయంత్రం ఐదున్నరకి వంటింటి స్టూలు తెచ్చి ఆయన కుడి పక్కన వేసుకున్నాను. అసిస్టెంటు కుర్చీ అటేనట. రబ్బరు బ్యాండ్లు నేనే విప్పాను, తీగలు ఆయన తగిలించారు. వంతెన దాటేదాకా సిగ్గుతోనే సరిపోయింది.

“ఉత్రాణ్ హోమ్, గ్రీన్,” అన్నాను.

“వేలు చూపించాలి,” అన్నారు.

చూపించాను. “గ్రీన్!”

“గ్రీన్,” అన్నారాయన. నాలుగేళ్ల తర్వాత విన్నాను ఆ గొంతు.

సాయణ్ దాటింది. కిమ్ దగ్గర పడుతుంటే తెర మీద చీమ తలంత చుక్క కనపడింది. ఆయన చూపు అటే ఉంది, ఆ చుక్క మాత్రం ఆయనకి అందలేదు.

“కిమ్ హోమ్, రెడ్!” అని అరిచాను.

“రెడ్,” అని బ్రేకు వేశారు. స్తంభానికి రెండు పెట్టెల దూరంలో బండి ఆగింది. ఆయన చెయ్యి బ్రేకు మీట మీదే ఉంది.

ఫోను మోగింది. ఇందుజ. డబ్బా తీసేశారా అని వారం వారం చేసే ఫోనే. ఇద్దరం కదల్లేదు. ఆగి మళ్లీ మోగింది.

“ఛాయా, మీ ఫోను మోగుతోందమ్మా!” అని కిటికీలోంచి లలితమ్మ గారు కేకేశారు.

తెర మీంచి కళ్లు తిప్పకుండా నేనూ కేకేశాను.

“బండి మీదున్నాం!”