కలభోద్ధరణము

వైశాఖమాసపు కడపటి దినములు. కర్ణాట ద్రావిడాంధ్ర సీమలు మూడును ఒండొంటి నొరయు పలమనేరు కొండలయందు వెదురుపొదలు పసుపువన్నె దాల్చి గాలి సోకినంతనే యెండుటెముకలవలె గలగలలాడుచుండ వాగులు తమ యిసుకను దామే కప్పుకొని పరుండియుండ నాకసము కాచిన రాగిపళ్లెరమువలె నెఱ్ఱవాఱి సూర్యోదయమునకు మున్నే సెగలు గ్రక్కుచుండెను. అడవిలో నీరు లేదు. అడవి వెలుపల గలదు గాని యది మానవులది. పూర్వము గజయూథములు ఋతువు ననుసరించి యొక వనమునుండి వేఱొక వనమునకు మందగమనమున సాగిన రాచబాట నేడు టమాటాతోటలుగను మల్బరీమళ్లుగను ఇటుకబట్టీలుగను మాఱి కరెంటుకంచెలచే ఖండఖండమై యుండెను. ఐనను వాని పాదములు పితామహుల త్రోవను మఱవలేదు.

ఆ త్రోవమీదనే నంజమ్మ చేను కలదు. ఆమె పెనిమిటి కదిరప్ప గడచిన కార్తికమున పంటపై బడిన యేనుగులను ఊరివారితో గూడి డప్పులు మ్రోయించుచు తఱుమబోయి యొక మదగజము పాదములక్రింద ప్రాణములు విడిచెను. నాటినుండి నంజమ్మయు ఆమె యత్తయగు యల్లక్కయు చేనిలోని పూరిపాకయందే యుండి కదిరప్ప తన చేతులతో ద్రవ్విన బావినీటితో టమాటా పెంచుకొని కాలము గడపుచుండిరి. కుమారుని శవము నింటికి దెచ్చిననాడు గాని చితి చల్లాఱిననాడు గాని యల్లక్క కంట నొక బొట్టు రాలలేదు. వృద్ధురాలి గుండె ఱాయి యైనదని యూరివారు చెప్పుకొనిరి.

ఒకనాటి వేకువను దప్పిచే వివశమైన యేనుగులమంద యా బావికడకు వచ్చెను. గట్టు లేని యంచున నిలిచి నీటికై తొండము చాచిన యొక గున్నయేనుగు కాలిక్రింది మన్ను విఱిగి లోన గూలెను. తల్లి మోకాళ్లపై వ్రాలి తొండము లోనికి సాచి యందక దిక్కులు పిక్కటిల్ల ఘీంకరించెను. తెల్లవాఱుసరికి జనులు గుమిగూడి టపాకాయలు గాల్చగా మంద కొండచఱియకు దొలగెను. తల్లి మాత్రము పొదల మఱుగున నిలిచి యుండియుండి పిలుచుచుండెను. మెడలోతు బురదనీట దిరుగాడుచు కలభము సన్నని గొంతుతో బదులు పలుకుచుండెను.

కొందఱు ఱాళ్లు రువ్విరి. “సావనీరా! ఒకటి సస్తే ఒక చేనన్నా మిగల్తాది” అని యొకడు అఱచెను. వాని నెవ్వరును ఆక్షేపింపలేదు. ఏలయన పంటనో పశువునో మనిషినో యేనుగులవలన గోల్పోనివాడు ఆ గుంపులో నొక్కడును లేడు.

ఇంతలో అటవీశాఖాధికారి ఇనాయతుల్లా మన్ను ద్రవ్వు యంత్రమును వెంటగొని వచ్చెను. అతడు బావిచుట్టును దిరిగి చూచి నంజమ్మ యెదుట నిలిచి టోపీ దీసి ముఖము దుడుచుకొని యిట్లనెను.

“అమ్మా, నీళ్లు నింపి తేల్చుదామంటే ఈ కరువులో నీళ్లు యాడ తెచ్చేది? ఒక పక్క తెగ్గొట్టి వాలుగా దారి చెయ్యాల. అప్పుడు ఊట పూడిపోతాది, బావి పోతాది. మళ్లీ తవ్వించమని పైకి రాస్తాను. ఎప్పటికి తవ్విస్తారో నేను చెప్పలేను. నువ్వు వద్దంటే చెయ్యి పెట్టను.”

నంజమ్మ చేనివంక జూచెను. కట్టెలకు ప్రాకిన తీవలపై కాయలు అప్పుడప్పుడే దోరవన్నె దేఱుచుండెను. వానికి ఇంకను కొన్ని తడులు కావలెను. ఆమె నేలనున్న ఱాతి నొకదాని నెత్తుకొని బావియంచునకు నడచెను. తన పసుపుకుంకుమలను హరించిన జాతి క్రింద గోతిలో నిస్సహాయమై యున్నది. చేయి పైకెత్తెను. కలభము తల యెత్తి చూచి యా చేతిలో నున్నది మేతయో యేమో యని తలంచి కాబోలు వణకుచున్న తొండముకొనను ఆమెవైపు సాచెను.

ఎత్తిన చేయి చాలసేపు అట్లే నిలిచెను. పిదప ఱాయి ఆమె పాదములకడ జాఱిపడెను.

“తవ్వండి సామీ” అని నంజమ్మ వెనుదిరుగకయే పలికెను.

అంతట యల్లక్క గుంపును జీల్చుకొని వచ్చి యంత్రమునకు అడ్డముగా నిలిచెను. “ఏమ్మే! నా కొడుకును తొక్కి సంపిన దానికి నా కొడుకు తవ్విన బావిని ఇస్తావా?”

“ఆయన్ని సంపింది ఇది కాదత్తా.”

“ఇది గాకపోతే దీని తాత!”

“ఇది దీంట్లో సచ్చి కుళ్లితే ఆ నీళ్లు మన గొంతు దిగతాయా? చెప్పత్తా. నువ్వు తాగతానంటే నేనూ తాగతా.”

“అట్లయితే ఈ పొద్దునుంచి నువ్వు నాకు కోడలివి గావు” అని యల్లక్క చేని యావలి కానుగచెట్టుక్రిందికి బోయి బావికి వెన్నుజూపి కూర్చుండెను.

మధ్యాహ్నమార్తాండుడు నిప్పులు చెఱుగుచుండ యంత్రము మన్ను పెకలింపదొడగెను. ఒకమాఱు ప్రక్కగోడ విఱిగి కలభముపై బడగా నీళ్లు బుగ్గలై యెగసి యంతలో నిశ్శబ్దమయ్యెను. కొండమీది తల్లియు మూగబోయెను. జనులు చూచుచుండ బురదనుండి తొండముకొన యొకటి పైకి లేచి యూపిరి తీసెను. ఉదయమున ఱాళ్లు రువ్విన చేతులే పారలు పట్టి మన్ను దీయ నారంభించెను.

వాలు సిద్ధమయ్యెను గాని పాదము నిలువదు. ఊటనీటిచే జిగటయైన యా దారిపై కలభము నాలుగడుగు లెక్కుటయు జాఱి మరల గుంటబడుటయు నయ్యెను. పడినప్పుడెల్ల లేచుటకు దానికి మునుపటికన్న నెక్కువ తడవు పట్టుచుండెను. ఒకతూరి అది లేచుటకు ప్రయత్నింపనే లేదు. పొద్దు వాలుచుండెను. ఇనాయతుల్లా నుదురు పట్టుకొని కూలబడెను. అప్పుడు నంజమ్మ కొంగు నడుమున జుట్టి తన తోటలోనికి పరుగెత్తెను. కట్టెలను పెఱికెను, తీవలను వేళ్లతో గూడ లాగెను, కాయలతో నిండిన యా మోపులను దెచ్చి వాలుపై బఱచెను. మరల పోయెను, మరల తెచ్చెను. ఆమెను వారించుటకు ముందునకు వచ్చినవారు ఆమె ముఖము జూచి వెనుకకు దగ్గిరి. కొంతతడవునకు వారును పెఱుకదొడగిరి. తీవలవాసనయో మఱి జీవితేచ్ఛయో కలభమును గదలించెను. కాయలు పాదములక్రింద జిట్లి రక్తమువలె గాఱుచుండ అది కట్టెల యాసరతో నొక్కొక్క యడుగే యెక్కి నేలపైకి వచ్చి నిలిచి గడగడ వణకెను.

వెనుకకాలొకటి యీడ్చుచు అది కొండవైపు దిరిగి తొండ మెత్తి పిలిచెను. గిరిగహ్వరములు ప్రతిధ్వనింప తల్లి బదులు పలికెను.

ఆ పలుకు వినబడగానే కానుగచెట్టుక్రింద యల్లక్క లేచి నిలిచి యిటు దిరిగెను. ఆమె మోము వికృతమయ్యెను.

“దాని అమ్మ పలికిందే!” అని రొమ్ము చఱచుకొనెను. “ఆ పొద్దు డప్పుల సద్దులో నా బిడ్డ ‘అమ్మా’ అని అరిసినాడంట. నాకు యినపడలేదే! నేను పలకలేదే!”

నెలలకొలది గడ్డకట్టిన దుఃఖము కట్ట తెగెను. నంజమ్మ పోయి బురదచేతులతోనే యామెను పొదివికొనెను. యల్లక్క తోయలేదు.

బావి మరల ద్రవ్వబడలేదు. విన్నపములు మాత్రము పోయెను. చేను బీడయ్యెను. అత్తాకోడండ్రిరువురును పాక విడిచి దిగువ యూర పట్టుపురుగుల షెడ్డున కూలికి గుదిరిరి. కుంటుచు బోయిన యా కలభము బ్రదికినదో లేదో యెవ్వరును ఎఱుగరు.

మఱుసటి గ్రీష్మమున పొరుగూర చెన్నప్పయను రైతు బావిలో వేఱొక గున్న పడగా అతడు గట్టు త్రవ్వనీయక యడ్డగించెను. దిక్కుతోచని ఇనాయతుల్లా షెడ్డుకడకు వచ్చి నంజమ్మను బ్రతిమాలెను. ఆమెకన్న ముందు యల్లక్క ఊతకఱ్ఱ పట్టుకొని లేచెను.

చెన్నప్ప తన బావికడ వారి మాటలన్నియు విని తుదకు నెమ్మదిగా నడిగెను. “అంతా సరే అవ్వా. మీ బావి మళ్లీ తవ్విచ్చినారా?”

అధికారి తల వంచుకొనెను. నంజమ్మ యత్తవంక జూచెను. అబద్ధ మాడినచో నొక ప్రాణము నిలుచును.

“లేదు నాయనా” అనెను యల్లక్క.

మనుజుడు పుడమి నంతయు దనదిగా గీచికొని కరుణను మాత్రము నిఱుపేదల పాలికి విడిచెను. ఇచ్చునది వారే, ఇచ్చి యడుగంటునదియు వారే. చెన్నప్ప తన పచ్చని చేనివంకను బావివంకను మార్చి మార్చి చూచుచుండెను. యంత్రము నడుపువాడు తాళపుచెవిపై చేయి యుంచి యతని నోటివంక జూచుచుండెను. క్రిందినుండి గున్న పిలుపు సన్నగిల్లుచుండెను.